శ్రీరాముడు తీసికొన్న రశీదు

శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మణే నమః.

 

మన మందిరములలో రామభజన జరుగు రాత్రి, దీపము చుట్టును భక్తులు తాళములతో తిరుగుచు పాడునప్పుడు, భద్రాచల రామదాసు పేరు వినబడక తెల్లవారదు. మన ముత్తాతలు చెరకు తోటలకు గ్రంథములను మోసికొని రాలేదు. కంఠములో ఆ పాటలను దాచుకొని వచ్చిరి. ఆ పాటల వెనుకనున్న కథలో, వృద్ధుల గృహములను, అనాథ బాలల గృహములను, రోగులకు అన్నము పెట్టు సంఘములను నడుపువారికి కావలసిన ధర్మమొకటి కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

కథ మనకందరికిని తెలిసినదే. 1672 మొదలు 1687 వరకు గోల్కొండ నేలిన తానీషా కాలమున కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండెను. భద్రాచలమున శ్రీరామునికి తగిన ఆలయము లేదని ఆయన మనసు కరిగెను. చేతిలో సర్కారు శిస్తు సొమ్ము ఉండెను. దానితో ఆలయము కట్టించెను, స్వామికి నగలు చేయించెను. ఖజానాకు చేరవలసిన ఆరు లక్షలు చేరలేదు. ప్రభువు ఆగ్రహించి ఆయనను గోల్కొండ కోటలో చెర పెట్టించెను. చెరలో నుండి ఆయన రాముని వేడుకొనెను, నిందించెను, ఏ నగకు ఎన్ని వేలు పట్టినవో పాటలో లెక్క కూడ చెప్పెను. తుదకు రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో ఒక రాత్రి తానీషా కడకు పోయి, ఆరు లక్షలు చెల్లించి, చెల్లుచీటి తీసికొని, నిదురించుచున్న గోపన్న తలగడ క్రింద ఉంచిరని మన నమ్మకము.

ఈ కథ విన్నప్పుడు మనము భక్తుని కన్నీరు చూతుము, భగవంతుని కరుణ చూతుము. ఆ చెల్లుచీటిని మాత్రము చూడక దాటిపోవుదుము. ఒక్క నిమిషము ఆలోచింపుడు. సముద్రముపై వారధి కట్టించినవాడు చెరసాల గోడను కూల్చలేడా? ప్రభువు మనసును మార్చలేడా? దప్తరములోని ఆ బాకీని చెరిపివేయలేడా? వీనిలో ఏదియు చేయలేదు. పైకము లెక్కించి చెల్లించెను. అంతటితో ఊరుకొనక రశీదు అడిగి తీసికొనెను.

గోపన్న తన కొరకు ఒక్క కాసు దాచుకొనలేదు. ఆయన భక్తిని శంకించుటకు మనమెవరము? అయినను, ఒక పనికై ప్రజలు చెల్లించిన సొమ్మును, అధికారము గలవారిని అడుగక, మరియొక పనికి వాడినచో అది బాకీయే. ఆ రెండవ పని దేవుని గుడియైనను బాకీయే. మంచి మనసు బాకీని తీర్చదు, చెల్లింపే తీర్చును, చెల్లించినట్లు చూపునది రశీదు. శ్రీరాముడు భక్తుని ప్రేమను కాదనలేదు, లెక్కను కూడ కాదనలేదు. మన ఈనాటి ప్రసంగమునకు ఇదియే మూలము.

మన పెద్దలు మనకు విడిచిన ఆస్తి

1860 నవంబరు 16న మద్రాసునుండి వచ్చిన ట్రూరో అను ఓడ డర్బన్ రేవు చేరెను. అది మొదలు 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా మనవారు నెటాలునకు గిర్మిట్ కూలీలుగా వచ్చిరి. వారిలో విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు అనేకులు. మొదటి ఏట జీతము నెలకు పది షిల్లింగులు. 1895 నాటి చట్టముచేత, గిర్మిట్ ముగిసియు ఇక్కడనే నిలువగోరినవారిపై ఏటికి మూడు పౌనుల తలపన్ను పడెను. అనగా మొదటి ఏటి జీతములో సగము. 1914లో గాని ఆ పన్ను తొలగలేదు.

అట్టి బీదరికములో నుండి వారు ఏమి కట్టిరో చూడుడు. తోటలలో ఒళ్ళు అరిగి, బిడ్డలు లేక, స్వదేశమునకు పోవుటకు దారి లేక మిగిలిన ముసలివారికొరకు 1921లో ఆర్య యువక సభవారు డర్బన్‌లో ఆర్యన్ బెనెవొలెంట్ హోమ్‌ను స్థాపించిరి. కేటో మేనర్ ప్రాంతమున మొదలైన ఆ గృహము తరువాత చాట్స్‌వర్త్‌లో వేళ్ళూనినది. నూరేండ్లు దాటియు నిలిచి యున్నది. 1927లో డర్బన్ ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ సొసైటీ ఏర్పడెను. 1931లో మన ఆంధ్ర మహాసభ ఏర్పడెను. ఆనాడు భారత ప్రభుత్వపు ఏజెంటుగా ఈ దేశమున నుండినవారు మన తెలుగువారే యగు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు.

ఉపాధ్యాయవృత్తిలో నున్న నేను పాఠశాలల మాట చెప్పక ఉండలేను. ప్రభుత్వము మన పిల్లలకు చాలినన్ని బడులు కట్టలేదు. మనవారే చందాలు పోగుచేసిరి. సమాజము ఒక పౌను తెచ్చినచో ప్రభుత్వము ఒక పౌను కలిపెడిది. ఉపాధ్యాయుల జీతములు ప్రభుత్వమిచ్చెడిది. నెటాలులోని భారతీయుల బడులలో అధిక భాగము ఇట్లు లేచినవే. ఇందు ఒక సూక్ష్మము గమనింపుడు. ఆ పద్ధతిలో మన పౌను వచ్చినదని కాగితము మీద చూపనిదే రెండవ పౌను రాదు. చదువురాని మన పెద్దలు వ్రేలిముద్ర వేసియైనను లెక్క సరిగా చూపిరి గనుకనే మనము చదువుకొంటిమి.

ధర్మకర్త అనగా నెవరు?

గుడిని నడుపువానిని మన భాషలో యజమాని అనలేదు, అధికారి అనలేదు, ధర్మకర్త అనిరి. సొమ్ము ఇచ్చినవాడు ఒకడు. దానిని అనుభవించువాడు మరియొకడు, పడకమీదనున్న అవ్వ, తల్లిదండ్రులు లేని పసివాడు. నడుమ నిలిచి ఆ చేతినుండి ఈ చేతికి చేర్చువాడు ధర్మకర్త. అతని చేతికి అంటుకొనవలసినది ఏమియు లేదు.

ఈ దేశపు చట్టము కూడ ఇదే మాట చెప్పుచున్నది. 1997 నాటి లాభాపేక్షలేని సంస్థల చట్టము క్రింద నమోదైన సంఘము తన ఆదాయమును, ఆస్తిని సభ్యులకు గాని కార్యవర్గమునకు గాని పంచరాదు. చేసిన పనికి న్యాయమైన ప్రతిఫలము మాత్రమే ఇయ్యవచ్చును. సంఘము మూతపడినచో మిగిలినది అట్టి ఆశయము గల మరియొక సంఘమునకు పోవలెను. ఆర్థిక సంవత్సరము ముగిసిన ఆరు నెలలలో జమాఖర్చు పట్టికలు సిద్ధము కావలెను. తొమ్మిది నెలలలో లెక్కల అధికారి నివేదికతో సహా ప్రభుత్వమునకు చేరవలెను. ఇది తెల్లదొరల చట్టమని ఎవరును అనలేరు. మన స్వేచ్ఛ వచ్చిన తరువాత వచ్చిన చట్టము. దీనిని భారమని తలచువారు చెల్లుచీటి కథను మరల వినవలెను.

ఇంకొక సంగతి. ఆదాయపు పన్ను చట్టములోని 18ఏ విభాగము క్రింద ఆమోదము పొందిన సేవాసంస్థకు దానమిచ్చినవారు, తమ పన్ను విధింపదగిన ఆదాయములో పదవ వంతు వరకు ఆ దానమును మినహాయించుకొనవచ్చును. అందుకు సంస్థ ఇచ్చు రశీదు కావలెను. వృద్ధుల సంరక్షణ, బాలల సంరక్షణ వంటి పనులకు ఈ సౌకర్యము కలదు. పూజలకు, ఉత్సవములకు ఇచ్చిన దానమునకు లేదు. కనుక గుడి వారు వృద్ధుల గృహమును కూడ నడుపుచున్నచో రెండింటి పద్దులు వేరుగా నుండవలెను. అన్నదానమునకు వచ్చినది గోపురమునకు పోరాదు. గోపురమునకు వచ్చినది అన్నదానమునకు పోరాదు. ఒక పద్దు సొమ్ము మరియొక పద్దుకు దొర్లుటయే గోపన్నను చెరకు పంపినది.

లోటు ఎక్కడ నున్నది?

భక్తిమాటలతో కడుపు నిండదు గనుక ఒక లెక్క వేసి చూతము. ఇది ఉదాహరణ కొరకు ఊహించిన లెక్క. ఏ గృహమునకు సంబంధించినదియు కాదు. నలుబదిమంది వృద్ధులున్న ఒక గృహమనుకొనుడు. ఒక్కొక్కరికి నెలకు 8,000 రాండ్లు వ్యయము. పెన్షనునుండియు, కుటుంబమునుండియు 3,000 వచ్చును. ప్రభుత్వ గ్రాంటు 3,000 అనుకొందము. తక్కువ పడునది 2,000. నలుబదిమందికి నెలకు 80,000. ఏటికి 9,60,000 రాండ్లు.

ఇప్పుడు మనము చేయు పని చూడుడు. సంవత్సరమునకొక విందు ఏర్పాటు చేసి టికెట్లు అమ్ముదుము. 60,000 రాండ్లు వచ్చినవని వేదికపై ప్రకటింతుము, చప్పట్లు కొట్టుదుము. హాలు అద్దె, భోజనము, సంగీతము కలిసి 35,000 పోయినవి. మిగిలినది 25,000. ఆ గృహపు లోటు రోజుకు రెండువేల ఆరువందలకు పైమాట. అనగా మన గొప్ప విందు పది రోజులైనను గడుపలేదు. తక్కిన మూడువందల యేబదియైదు రోజులు ఆ అవ్వకు అన్నము పెట్టునది ఎవరు?

విందులు వలదని నా భావము కాదు. పదిమంది కలియుట మంచిదే. కాని ప్రతిదినము వచ్చు ఆకలికి ఏటికొకమారు వచ్చు దానము సరిపోదు. ఎనిమిదివందల కుటుంబములు నెలకు నూరు రాండ్ల చొప్పున బ్యాంకునుండి తప్పక పోవునట్లు ఏర్పాటు చేసినచో ఆ 80,000 లోటు పూర్తిగా తీరును. వారధి కట్టునాడు ఉడుత తెచ్చినది ఇసుక రేణువులే. కాని అది ఒక్కమారు వచ్చి ఫొటో తీయించుకొని పోలేదు. పని ముగియువరకు తిరుగుచునే యుండెను.

ప్రభుత్వముపై మనకు హక్కు లేదా? కలదు. 2010లో ఫ్రీ స్టేట్ ఉన్నత న్యాయస్థానము ఒక ముఖ్యమైన తీర్పు చెప్పెను. ఆ రాష్ట్రపు సేవాసంస్థల సంఘములు తమకిచ్చు గ్రాంటు చాలదని, పద్ధతి న్యాయముగా లేదని దావా వేసిరి. బాలలను, వృద్ధులను, ఆదరణ కావలసినవారిని కాపాడుటలో ఈ సంస్థలు నిజమునకు ప్రభుత్వపు బాధ్యతనే నెరవేర్చుచున్నవని, గ్రాంటు విధానమును సవరింపవలెనని న్యాయస్థానము తేల్చెను. కనుక గ్రాంటు భిక్షము కాదు. అయితే హక్కును అడుగబోవువాని చేతిలో, ఒక్క వృద్ధునికి ఒక్క దినమునకు ఎంత వ్యయమగునో చెప్పు కాగితము ఉండవలెను. అది లేనివాని గొంతు ఎంత పెద్దదైనను బల్లకు ఆవలివానికి వినబడదు.

మరియొక జాగ్రత్త. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1న మారును. ఒప్పందపు కాగితములు ఆలస్యమైనచో పైకము కూడ ఆలస్యమగును. పైకము ఆగినదని గంజి ఆపలేము. ఇంట గృహిణి పండిన నెలలో గాదెలో కొంత దాచినట్లే, ప్రతి గృహమును కనీసము మూడు నెలల వ్యయము నిలవ నిధిగా ఉంచుకొనవలెను. పైకప్పు, వేడినీటి యంత్రము, రోగులను తీసికొనిపోవు బండి ఏదో ఒకనాడు పాడగునని తెలిసియు, అందుకు నెలనెలా కొంత తీసిపెట్టని కమిటీ ఆ భారమును రాబోవు తరముపై మోపుచున్నది.

రాతికి ఇచ్చుట, మనిషికి ఇచ్చుట

మనలో ఒక అలవాటు కలదు. గది కట్టుటకు దాత దొరకును. గోడపై పాలరాతి పలకమీద పేరు చెక్కుదురు. ఆ గదిలో రాత్రి రెండు గంటలకు ముసలమ్మ పక్క మార్చు పనిమనిషి జీతమునకు దాత దొరకడు. "నా సొమ్ము జీతములకు పోరాదు, బీదలకే పోవలెను" అని షరతు పెట్టువారును కలరు. అయ్యా, ఆ చేతులు లేక మీ సొమ్ము బీదలను ఎట్లు చేరును? పడకపుండు పడకుండ వీపు తుడుచునది మీ పాలరాయి కాదు, ఆ తల్లి చేయి. వంటవారు, నర్సు, సోషల్ వర్కరు, లెక్కలు వ్రాయు గుమాస్తా, వీరు సేవకు అయిన దండుగ ఖర్చు కారు, వీరే సేవ.

సేవ అనగా జీతము లేని పని అని కొందరందురు. తనంతట తాను వచ్చి ఉచితముగా చేయువానికి అది తపస్సు. మన ఇంటి అద్దెకు జీతము కావలసినట్లే ఆమెకును కావలెను. 2019 జనవరి 1 నుండి అమలులోనున్న కనీస వేతన చట్టము దేవుని పేరు పెట్టుకొన్న గృహమునకు మినహాయింపు నియ్యలేదు. ఈ మాట మనకన్న బాగుగ ఎవరికి తెలియవలెను? మన ముత్తాతల జీతమును పని తప్పినదని కోసిన సర్దారును మన యిండ్లలో ఈనాటికిని శపింతుము. మన కమిటీ బల్ల వెనుక మరల ఆ సర్దారు కూర్చుండరాదు.

లెక్కయు పూజయే

పూజకు విధులున్నట్లు లెక్కకును విధులు కలవు. పెద్దలు మన్నింతురుగాక, వానిని ఎత్తి చెప్పుచున్నాను. హుండీని ఇద్దరు కలిసి తెరువవలెను, ఇద్దరు లెక్కింపవలెను, మరునాడే బ్యాంకులో వేయవలెను. పది రాండ్లకైనను రశీదు వ్రాయవలెను. బ్యాంకునుండి పైకము పోవునప్పుడు ఇద్దరి అనుమతి ఉండవలెను. ఫోనులో ఒక్క మీట నొక్కి చెల్లించు ఈ దినములలో ఇది మరింత అవసరము. లెక్క వ్రాయువాడును పైకము చెల్లించువాడును ఒక్కడే కారాదు. కమిటీ సభ్యుని బావమరిది బియ్యము సరఫరా చేయుచున్నచో ఆ సంగతి ముందే చెప్పి, ధర నిర్ణయించునప్పుడు ఆ సభ్యుడు గది వెలుపల నుండవలెను. ప్రతి నెలయు జమాఖర్చు కమిటీలో చదువవలెను. ఏటికొకమారు సర్వసభ్య సమావేశములో, అందరికిని తెలియు మాటలలో చదువవలెను.

"ఇరువది యేండ్లుగ నడుపుచున్నాను, నన్ను శంకింతురా?" అని నొచ్చుకొను పెద్దలు కలరు. వారి నొప్పి నాకు తెలియును. కాని, పెద్దలారా, లెక్క అడుగుట అవమానము కాదు. మన పెండ్లిండ్లలో కానుకలను చదివింపులు అనుట ఎందుకు? ఎవరు ఎంత ఇచ్చిరో పదిమందిలో బిగ్గరగా చదివెడివారు గనుక. అందుకు వియ్యంకులు నొచ్చుకొనలేదే! బిగ్గరగా చదివిన లెక్క ఇచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని, నడుమనున్నవానిని ముగ్గురను కాపాడును. చదువని లెక్క నిర్దోషిని కూడ నిందనుండి కాపాడలేదు. పిల్లలు మన సంఘములకు దూరమగుచున్నారని విచారింతుము. భాష రాక దూరమైనవారు కొందరు. అడిగిన ప్రశ్నకు ఉత్తరము రాక దూరమైనవారు మరికొందరు. పుస్తకము తెరచి వారిముందు పెట్టుడు. మీ తరువాత ఆ కలము పట్టవలసినవారు వారే.

ఎట్లు ఇయ్యవలెను?

భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములని చెప్పబడినది. ఇయ్యవలసినది గనుక, తగిన చోట, తగిన వేళ, తగినవానికి, మరల ఏమియు కోరక ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలము కోరి, లేదా మనసు కష్టపెట్టుకొని ఇచ్చునది రాజసము. చోటు, వేళ చూడక, మర్యాద లేక, తృణీకరించి ఇచ్చునది తామసము. వస్తువు ఒక్కటే అయినను ఇచ్చు తీరును బట్టి అది మూడు దానములగుచున్నది.

దీపావళికి బియ్యపు సంచి ఇచ్చుచు, తల వంచుకొన్న వితంతువును పక్కన నిలిపి ఫొటో తీయుదుము. ఆమె బిడ్డ ఆ ఫొటోను బడిలో తోటిపిల్లల ఫోనులలో చూచును. అది ఏ దానమో మీరే చెప్పుడు. దాతకు చూపవలసినది లెక్క. బీదవాని ముఖము కాదు. పుస్తకము ఎంత తెరచి యుంచుదుమో, పుచ్చుకొన్నవారి పేరును అంత మూసి యుంచవలెను.

వృద్ధుల గృహములో నున్నవారు పరులు కారు. వారిలో కొందరు మన బడికి ఇటుకలు మోసినవారు. తమ కూలిలో ఒక షిల్లింగు తీసి చందా పుస్తకములో వ్రేలిముద్ర వేసినవారి బిడ్డలు మరికొందరు. మనము వారికి ఇచ్చునది దానమని నేను అనుకొనను. అది వారి బాకీ. ఆనాడు వారు మనపై పెట్టిన పెట్టుబడిని నేడు గంజిగా, మందుగా, శుభ్రమైన దుప్పటిగా తిరిగి చెల్లించుచున్నాము.

కావున, సోదర సోదరీమణులారా, ఈ ఏట ప్రతి కుటుంబమును ఒక గృహమును ఎన్నుకొని, నెలనెలా ఇంత అని నిర్ణయించుకొనుగాక. ఏడుకు ఒక్కమారైనను ఆ గృహపు సర్వసభ్య సమావేశమునకు పోయి, జమాఖర్చు విని, ఒక ప్రశ్న అడుగుగాక. కమిటీలలో నున్నవారు ఆ ప్రశ్నకు చిరునవ్వుతో ఉత్తరమిత్తురుగాక. రామభజనలో తాళము తప్పినచో పాట చెడును. సేవలో లెక్క తప్పినచో అవ్వ కంచము ఖాళీయగును.

తానీషా ముందు నిలిచి పైకము లెక్కించి చెల్లించిన ఆ స్వామి, మన ధర్మకర్తల చేతులను శుభ్రముగాను, మన దాతల చేతులను తెరచియు, మన వృద్ధుల కంచములను నిండుగాను ఉంచుగాక.

జై శ్రీరామ్. సర్వే జనాః సుఖినో భవంతు.